బోర్డు తియ్యని బాబాయి

బోర్డు బాబాయి మంచివాడే. ఆ మాట ముందే చెప్పేసుకోవడం మేలు, ఎందుకంటే ఇక మీద చెప్పబోయేది వింటే ఎవరికీ ఆ అనుమానం రాదు. ఆయనకున్నది ఒక్కటే ఇల్లు. కింది వాటాలో ఆయనా పిన్నీ ఉంటారు. పై వాటాలో నర్సమ్మా, ఆమె భర్త బస్సు డ్రైవరూ అద్దెకుంటారు. మూడో వాటా అంటూ లేదు. అటక మీద పావురాలు కాపురం ఉంటున్నాయి కాబట్టి అదీ ఖాళీ లేదు. అయినా గేటుకు ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు మాత్రం ఎండలోనూ మంచులోనూ వేలాడుతూనే ఉంటుంది. అంతటితో ఆగితే బోర్డేగా అని ఊరుకోవచ్చు. ఆ బోర్డు చూసి ఎవరొచ్చినా ఆయన ఖాళీ లేదని చెప్పడు. రండి రండి, చూద్దురుగాని అంటూ మేడ మీదికి తీసుకొచ్చి, నర్సమ్మ కాపురం చేస్తున్న ఇంటిని గది గదీ తిప్పి చూపిస్తాడు.

తలుపు కొట్టే అలవాటు ఆయనకు లేదు. దానికీ కారణం ఉంది. రిటైరయ్యేదాకా ఆయన చేసింది నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం. శివారు కాలనీలో ఆయన దూరని ఇల్లు లేదు, వంగి చూడని మెట్ల కింది గూడు లేదు. ‘మీటరు’ అని ఒక కేక వేసి లోపలికి వెళ్ళిపోవడమే జీవితమంతా చేసిన పని. ఉద్యోగం పోయింది గానీ కేక పోలేదు. ఇప్పుడు ‘మీటరు’ బదులు ‘మేమేనమ్మా’ అంటాడు. ఆ మాట పూర్తయ్యేసరికి వెంట వచ్చినవాళ్ళలో సగం మంది లోపలే ఉంటారు.

నర్సమ్మ దంపతులు ఆ ఇంటికి వచ్చినప్పుడు పై వాటా నిజంగానే ఖాళీగా ఉంది. సామాను దించుకున్న రోజునే ఆమె మర్యాదగా, బాబాయి గారూ, మేం వచ్చేశాంగా, బోర్డు తీసేయండి అంది. ఆయన కూడా అంతే మర్యాదగా తీసేస్తానమ్మా అన్నాడు. వారం పోయాక అడిగితే మేకు తుప్పు పట్టిందన్నాడు. నెల పోయాక అడిగితే బోర్డు తీస్తే గేటు మీద దాని మేర మచ్చ పడుతుందనీ, గేటుకు రంగు వేయించాక తీస్తాననీ అన్నాడు. రంగు వేయించాడు. బోర్డుకు కూడా వేయించాడు. ఆ పచ్చటి బోర్డు ఇప్పుడు బస్‌స్టాపు దాకా కనపడుతోంది.

ఒకనాడు ఒళ్ళు మండి నర్సమ్మే స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళి బోర్డు ఊడదీసి బొగ్గుల గదిలో పడేసింది. మర్నాటికి గేటుకు కొత్త బోర్డు వచ్చింది. దాని మర్నాటికి పాతది కూడా వచ్చి దాని కింద కూర్చుంది. ‘పాతది పోయిందేమోనని కొత్తది చేయించానమ్మా. తీరా చూస్తే బొగ్గుల్లో దొరికింది. పారేస్తామా మరి?’ అన్నాడు బాబాయి. రెండు బోర్డులు చూసి, రెండు వాటాలు ఖాళీగా ఉన్నాయనుకుని జనం ఇంకా ఎక్కువగా రావడం మొదలుపెట్టారు.

ఇదంతా పగలు మెలకువగా ఉండేవాళ్ళకైతే కాస్త చికాకు, కాస్త కాలక్షేపం. బస్సు డ్రైవరుకు అలాగే ఉండేది. అతను పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వస్తాడు. బాబాయి మాట ఎత్తితే పాపం పెద్దాయన, పోనీలే అనేవాడు. నర్సమ్మకు పోనివ్వడానికి వీల్లేదు. ఆమెది ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఊరంతా నిద్ర లేచే వేళకు ఇంటికొచ్చి, కర్టెన్లు మూసుకుని, రజాయి ముసుగు పెట్టుకుంటుంది. అప్పుడే జనం ఇళ్ళు వెతుక్కోవడానికి బయల్దేరతారు.

మొదటిసారి జరిగినప్పుడు అది కలేమో అనుకుంది. కన్ను అలా అంటుకుందో లేదో మంచం పక్కన నాలుగు జతల బూట్లు కనిపించాయి. ఎవరో ఆడమనిషి బీరువా కొలుస్తోంది. ఇంకెవరో ఆవిడ మంచం అంచున కూర్చుని, పరుపు గట్టిదో మెత్తదో చూడటానికి రెండుసార్లు ఎగిరి కూర్చుంది. ఇంటితో పాటు మంచం కూడా ఇస్తారా అని అడిగింది. బాబాయి లేదమ్మా, మంచం వాళ్ళది అన్నాడు. ‘వాళ్ళెక్కడ?’ అంటే రజాయి వైపు చూపించాడు. నర్సమ్మ ముసుగు తీసి చూసేసరికి అందరూ ఆమెకు ఎంతో మర్యాదగా నమస్కారం చేశారు. ఆమె కూడా నిద్రమత్తులో తిరిగి నమస్కారం చేసింది. ఆ నమస్కారం ఎందుకు చేశానా అని తర్వాత చాలా కాలం బాధపడింది.

ఆ తర్వాత ఎంతమంది వచ్చారో చెప్పడం కష్టం. ఒక సంగీతం మాస్టారు స్నానాల గదిలో నిలబడి గొంతు సవరించుకుని, గోడలు బాగా పలుకుతున్నాయని మెచ్చుకున్నాడు. ఒకావిడ పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసి, ఉప్పు తక్కువైందేమో చూసుకోమంది. చూస్తే నిజంగానే తక్కువైంది. నర్సమ్మకు అది మరీ కోపం తెప్పించింది.

వచ్చినవాళ్ళను పంపేయకపోవడం ఒక ఎత్తు. వాళ్ళకు బాబాయి ఇల్లు చూపించే పద్ధతి ఇంకో ఎత్తు. లోకంలో ఏ ఇంటివాడైనా ఇల్లు చూపించేటప్పుడు ఉన్నవీ లేనివీ కలిపి పొగుడుతాడు. ఈయన గుమ్మంలో అడుగు పెట్టగానే తిట్టడం మొదలుపెడతాడు. ఈ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళు పోతాయి. ఈ కిటికీలోంచి గాలి ఈలేస్తుంది. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు గుమ్మంలోనే. నర్సమ్మ చేతులు పడిపోయేలా తోమి, తుడిచి, అద్దంలా పెట్టుకున్న ఇంటిని ఆయన వంకలు పెట్టుకుంటూ తిప్పుతుంటే, రజాయి కింద ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

అన్నిటికన్నా చివర చూపించేది పడకగది. వచ్చినవాళ్ళు అప్పటికీ పర్లేదండీ, బాగానే ఉంది అంటుంటే, బాబాయి గొంతు తగ్గించి తన ఆఖరి అస్త్రం తీసేవాడు.

‘ఈ గదిలో గాలాడదండీ. ఎవరికైనా సరే మగత కమ్మేస్తుంది. కావాలంటే చూడండి, మిట్టమధ్యాహ్నం ఆ అమ్మాయి ఎలా పడిపోయిందో.’

వచ్చినవాళ్ళు తొంగి చూసేవాళ్ళు. నిజంగానే పడిపోయి ఉండేది. రాత్రంతా నిలబడ్డ మనిషి పడిపోక ఏం చేస్తుంది? వాళ్ళు అయ్యో అనుకుంటూ, మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటకు వెళ్ళి, మెట్ల మీద బాబాయితో మాకు నచ్చలేదండీ అని చెప్పేవాళ్ళు. బాబాయి అలాగా, నేనూ అదే అనుకున్నాను అంటూ వాళ్ళతో మాట్లాడుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళేవాడు. నర్సమ్మకు మళ్ళీ నిద్ర పట్టేసరికి డ్యూటీకి వెళ్ళే వేళయ్యేది.

పిన్నితో చెప్పుకుంటే లాభం లేకపోయింది. పిన్ని స్వెటరు అల్లుకుంటూ అంతా విని, నీకు కొత్త కాబట్టి కోపం వస్తోంది, నాకైతే కోపం కూడా రావడం మానేసింది అంది. మీ ముందున్నవాళ్ళు గణితం మాస్టారు దంపతులు, వాళ్ళకైతే బాబాయి లేని రోజున వాళ్ళే ఇల్లు చూపించేటంత అలవాటైపోయింది అని కూడా చెప్పింది. అలా అయిపోతానేమోనని నర్సమ్మకు భయమేసింది.

ఆసుపత్రిలో ఆమెది పిల్లల వార్డు. ఆ వార్డు అంటే ఆమెకు ప్రాణం. పిల్లలు ఎంత గోల చేసినా విసుగురాదు. ఎవరిని ఎలా ఎత్తుకుంటే ఊరుకుంటారో ఆమెకు తెలుసు. అలాంటిది ఈ పగటి నిద్ర చెడినప్పటి నుంచి నిలబడ్డచోటే కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒకరోజు జ్వరం చూడటానికి ఒక పాప నోట్లో థర్మామీటరు పెట్టి, మంచం కమ్మీ పట్టుకుని అలాగే నిద్రపోయింది. పాప థర్మామీటరు తనే తీసి, చదవడం రాక, ఆమె చెయ్యి పట్టుకుని ఊపి లేపింది. అప్పుడే పెద్ద నర్సు అటుగా వచ్చింది.

పెద్ద నర్సు కసురుకోలేదు. గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే నిన్ను పిల్లల దగ్గర ఉంచలేను, మందుల గోదాముకు మార్చేస్తాను, అక్కడ నువ్వు నిద్రపోయినా సీసాలకు ప్రమాదం లేదు అంది. మెత్తగా చెప్పింది గానీ చెప్పింది చేసే మనిషి. నర్సమ్మ ఆ పొద్దున బస్సులో ఇంటికి వస్తూ రెండు నిర్ణయాలు చేసుకుంది. ఒకటి, ఇవాళ ఎవరొచ్చినా లేవకూడదు. రెండు, ఈ సెలవు రోజుల్లో వేరే ఇల్లు చూసుకోవాలి. మొదటిది నెరవేరలేదు.

ఇంటికి వచ్చి పడుకున్న కాసేపటికే మెట్ల మీద మేమేనమ్మా అని వినిపించింది. వెంటనే పసిపిల్ల ఏడుపు కూడా వినిపించింది. మామూలు ఏడుపు కాదు. కిటికీ అద్దాలు అదిరే ఏడుపు. మరో రోజైతే నర్సమ్మ లేచి ఆ పిల్లకు ఏమైందో చూసేది. ఆ రోజు మాత్రం ఆమెలో ఉన్న ఓపిక మొత్తం అయిపోయింది. రజాయి అలాగే భుజాల మీద కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది. బాబాయి పక్కన ఇద్దరు కుర్ర దంపతులు నిలబడ్డారు. ఇద్దరి భుజాల మీదా మంచు. అమ్మాయి కోటు లోపల పాప ఉంది, బయటికి ఎర్రటి నోరొక్కటే కనబడుతోంది.

‘ఈ ఇల్లు ఖాళీ లేదు,’ అంది నర్సమ్మ. ‘ఎప్పుడూ లేదు, ఎప్పటికీ అవదు. ఈయన మాట నమ్మి ఎందుకొస్తారు మీరంతా? వెళ్ళండి.’

ఆ కుర్రాడు భార్య చెయ్యి పట్టుకుని, క్షమించండి, పొద్దుటి నుంచీ ఈ మాటే వింటున్నాం, ఇక్కడ బోర్డు ఉంది కదాని వచ్చాం అని చెప్పి మెట్లు దిగిపోయాడు. దిగుతున్నంతసేపూ పాప ఏడుపు వినిపించింది. ఎప్పుడూ ఏదో ఒక సాకు చెప్పే బాబాయి ఈసారి నర్సమ్మ వైపు చూడకుండా, టోపీ కూడా పెట్టుకోకుండా, వాళ్ళ వెనకే మంచులోకి వెళ్ళిపోయాడు. బట్టతల మీద మంచు పడుతుంటే ఆయన గేటు దాటడం కిటికీలోంచి ఆమెకు కనిపించింది. గెలిచినట్టు అనిపించాల్సింది. అనిపించలేదు. అందుకని ఇంకా కోపం వచ్చింది.

ఇక పడుకున్నా నిద్ర రాదని తేలిపోయాక, మేజోళ్ళు రెండు జతలు వేసుకుని, ఇల్లు వెతకడానికి బయల్దేరింది. అప్పటిదాకా ఆమెకు ఆ కాలనీలో బస్‌స్టాపుకు వెళ్ళే దారి తప్ప ఏమీ తెలియదు. మొదటి వీధిలో టైలరమ్మ ఇంటి ముందు ఆగి, ఈ చుట్టుపక్కల అద్దె ఇళ్ళేమైనా ఉన్నాయా అని అడిగింది. టైలరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెను ఎగాదిగా చూసింది.

‘మీరు మగతగా పడి ఉండే అమ్మాయి కదూ. ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?’

టైలరమ్మ లోపలికి రమ్మని కుర్చీ వేసింది. మేం ఈ ఊరికి వచ్చిన కొత్తలో మీ ఇల్లు చూశాం అంది. మా కోడలికి నచ్చలేదులెండి, ఏమీ అనుకోకండి, మెట్లు బాగాలేవు అని కాస్త గర్వంగా చెప్పింది. అప్పుడు మీ బాబాయిగారే, మెట్లు లేని ఇల్లు కావాలా మీకు అని ఈ కింది వాటా ఇప్పించారట. ఈ ఇంటివాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఇవ్వమంటే, ఈ మనిషి నాకు తెలుసు అని ఆయన మాట ఇచ్చారట. ఆయనకు టైలరమ్మ తెలిసి అప్పటికి అరగంట అయింది.

పక్క వీధిలో చెప్పులు కుట్టే ఆయనా అదే మాట. గాలాడని గదిలోంచి బయటపడ్డారా, మంచిదైంది అన్నాడు. మీ ఇల్లు మాకు నచ్చలేదన్నాడు. వంటగది మరీ ఇరుకట. ఆ పై ఇంట్లో సంగీతం మాస్టారు కిటికీ తీసి, గోడలు బాగానే పలికాయి గానీ మాకూ నచ్చలేదు అని పైనుంచి అరిచి చెప్పాడు. నాలుగో గుమ్మం దగ్గరకు వచ్చేసరికి నర్సమ్మకు అర్థమైంది. ఈ కాలనీలో సగం మంది ఆమె నిద్రపోతుండగా చూసినవాళ్ళే. ఆ సగం మందీ ఆమె ఇంటిని వద్దన్నవాళ్ళే. ఆమె తలెత్తుకుని తిరిగే పరిస్థితి లేదు.

‘నచ్చలేదు, నచ్చలేదు అని అందరూ ఇంత సంతోషంగా చెప్తారేమిటండీ?’ అని మంగలి షాపు ఆయన్ని అడిగేసింది చివరికి. అతను ఖాళీగా కూర్చుని కత్తెరకు నూనె పెడుతున్నాడు. ఆ మాటకు నవ్వి, కత్తెర పక్కన పెట్టాడు.

‘ఆ రోజు నేను తిరగని వీధి లేదమ్మా. అందరూ గేటు దగ్గరే లేదు పొమ్మన్నారు. కొందరైతే గేటు దాకా కూడా రాలేదు. మీ ఇంట్లో కూర్చోబెట్టి, గదులన్నీ చూపించి, ఎలా ఉంది బాబూ అని అడిగారు ఆయన. నా అభిప్రాయం అడిగినవాళ్ళు ఆ రోజంతా ఎవరూ లేరు. నాకు నచ్చలేదండీ అన్నాను. తిరిగెళ్ళి మా ఆవిడతో, ఒకటి చూశాను, నాకు నచ్చక వద్దన్నాను అని చెప్పాను. వారం రోజుల్లో ఆ పూటే కడుపునిండా తిన్నాం.’

పొద్దున ఆ కుర్రాడితో తను అన్న మాట గుర్తొచ్చి నర్సమ్మకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు బాబాయి మీద కోపం కూడా అలాగే ఉంది. ఆయన చేసేది మంచి పనే, సరే. ఆ మంచి పని తన నిద్ర మీదే చేయాలా? పిల్లల వార్డు పోతే దాన్ని తిరిగి ఎవరు ఇప్పిస్తారు? మంగలి చెప్పిన గుర్తుల ప్రకారం కాలనీ చివరి వీధిలో ఖాళీగా ఉన్న ఇంటి వైపు నడిచింది.

ఆ ఇల్లు కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడది. ఆవిడ పగలంతా దుకాణంలోనే ఉంటుందట, అప్పుడే భోజనానికి ఇంటికొచ్చింది. వెనక భాగం అద్దెకిస్తుంది. అటువైపు తోట తప్ప ఇంకేమీ లేదు. చెట్లన్నీ మంచు కప్పుకుని ఉన్నాయి. తలుపు వేస్తే తన ఊపిరి తనకే వినిపించేటంత నిశ్శబ్దం. ఖాళీ గదిలో ఒక నవారు మంచం ఉంది. నర్సమ్మ ఒక్క నిమిషం కూర్చుంటానని చెప్పి దాని మీద కూర్చుంది, తర్వాత పడుకుంది. కళ్ళజోళ్ళావిడ వచ్చి తట్టి లేపింది. మీరు బోర్డు బాబాయిగారి మేడ మీది అమ్మాయి కదూ, ఆ మగత ఇంకా తగ్గినట్టు లేదే అంది. తర్వాత, మీలాంటి నిమ్మళమైన మనిషైతే నాకు ఆలోచించే పనే లేదు, రేపే వచ్చేయండి అంది. నర్సమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ గదిలో ఒక్క నెల పడుకుంటే చాలు, వార్డు తనదే.

సరే అనబోతుండగా గేటు చప్పుడైంది. దాని వెనకే ఆ ఏడుపు వినిపించింది. పొద్దుటి కుర్ర దంపతులు తలుపు దగ్గరకు వచ్చి, నర్సమ్మను చూసి ఠక్కున ఆగిపోయారు. కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

‘ఈ ఇల్లు కూడా మీదేనా అండీ?’

అడగడంలో వెటకారం లేదు. నిజంగానే భయపడి అడిగాడు. టోపీ లేని పెద్దాయనొకరు వీధి మలుపు దాకా తీసుకొచ్చి, ఇక్కడ అడగమన్నారని అతని భార్య చెప్పింది. తర్వాత తనే, మా పాప బాగా ఏడుస్తుందండీ, ముందే చెప్తున్నాం, అందుకే ఎవరూ ఇవ్వడంలేదు అంది. ఆ మాట చాలా చోట్ల చెప్పి చెప్పి అరిగిపోయినట్టు చెప్పింది. కళ్ళజోళ్ళావిడ మొహం మారింది. ఈ అమ్మాయి తీసేసుకున్నట్టేనండీ అంటూ నర్సమ్మను చూపించింది.

నర్సమ్మ గది వైపు ఒకసారి చూసింది. ఆ మంచం వైపు కూడా చూసింది. చూసినకొద్దీ ప్రాణం ఉసూరుమంటోంది. ఇంతకాలం రజాయి కింద పడుకుని ఇళ్ళకు వంకలు పెట్టడమెలాగో ఆమె ఊరికే వినలేదు.

‘తీసుకోలేదండీ. నాకు నచ్చలేదు,’ అంది.

కళ్ళజోళ్ళావిడ తెల్లబోయింది. ఇప్పుడేగా హాయిగా నిద్రపోయారు అంది.

‘అదేనండీ చెప్తున్నది. మరీ నిశ్శబ్దంగా ఉంది. నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. పసిపిల్ల ఏడుపు వినిపించకపోతే నాకు తోచదు. ఈ ఇంటికి కాస్త చప్పుడు కావాలి. చుట్టూ తోటే కదా, ఎంత ఏడ్చినా ఎవరికి ఇబ్బంది? మీరు పగలు ఉండనే ఉండరు. వీళ్ళు నాకు తెలుసు. పూచీ నాది.’

ఎంతకాలంగా తెలుసు అని కళ్ళజోళ్ళావిడ అడగలేదు కాబట్టి సరిపోయింది. నర్సమ్మ పాపను తీసుకుని, బోర్లా భుజాన వేసుకుని, వీపు మీద రెండు తట్లు తట్టింది. పాప ఒక్కసారి పెద్దగా త్రేన్చి, తన ఏడుపు తనే ఆపుకుని, ఇక చేయడానికి పనేమీ లేదన్నట్టు నిద్రపోయింది. ఇంతేనా అండీ అంది తల్లి. ఇంతేనమ్మా, పాలు తాగించాక ఇలా వేసుకోవాలి, మళ్ళీ ఏడిస్తే నా దగ్గరకు తీసుకురా అంది నర్సమ్మ. అనేశాక, పగలు మాత్రం వద్దు అని చెప్పబోయి ఊరుకుంది.

ఇంటికి వచ్చేసరికి బాబాయి పొయ్యి దగ్గర కూర్చుని ఆవిరి పట్టుకుంటున్నాడు. జలుబు చేసింది. పిన్ని ఆయన తలకు తువ్వాలు చుట్టి, బోర్డుకు రంగేయించే బదులు టోపీ ఒకటి తలకు కుట్టించుకోవాల్సింది అని సాధిస్తోంది. నర్సమ్మను చూసి ఆయన తువ్వాలు లోపలికి దాక్కున్నాడు.

‘ఖాళీ లేదని చెప్పి, తెలిసిన ఇంటికి పంపించొచ్చు కదా బాబాయి గారూ. నా మంచం దాకా తీసుకురావాలా?’ అంది నర్సమ్మ. పొద్దున్నంత గట్టిగా కాదు గానీ, గట్టిగానే అంది.

బాబాయి తువ్వాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. ‘ఎలాంటి ఇల్లు కావాలని అడిగితే అందరూ ఏదైనా పర్లేదనే అంటారమ్మా. తిరిగి తిరిగి ఉంటారు, అడగడానికి భయం. అదే ఒక ఇల్లు చూపించి వంకలు పెట్టానుకో, అవునండీ, మా అమ్మకు మోకాళ్ళు నొప్పులండీ అంటారు. అప్పుడు తెలుస్తుంది నాకు. ఇక లేదు పొమ్మనే మాటంటావా, అది వాళ్ళు అప్పటికే బోలెడుసార్లు విని ఉంటారు. మనం కూడా ఎందుకు?’

చెప్పి, ఇంకో విషయం కూడా ఒప్పుకున్నాడు. నువ్వు నిద్రపోలేకపోతున్నావని నాకు తెలుసమ్మా, వార్డులో నిలబడ్డచోటే కళ్ళు మూతలు పడుతున్నాయని మీ ఆయన మొన్ననే చెప్పాడు, బోర్డు తీసేస్తానులే అన్నాడు. ఈసారి మేకు మాట ఎత్తలేదు, మచ్చ మాట ఎత్తలేదు. లేచి స్క్రూడ్రైవరు కోసం సొరుగు తీశాడు కూడా. ఆ మనిషి నిజంగా తీసేస్తాడని నర్సమ్మకు మొదటిసారి నమ్మకం కలిగింది. కలగగానే ఆమెకు మనసొప్పలేదు. ‘ఉండనీయండి. నేనే ఎక్కడో పడుకుంటాను,’ అనేసి, ఎక్కడ పడుకుంటుందో తనకే తెలియక నిలబడింది.

పిన్ని అల్లిక సూదులతో కింది వాటా వెనక గదిని చూపించింది. ఆ గదిలో కుట్టు మిషనూ, పాత పెట్టెలూ ఉన్నాయి. సాయంత్రానికి బస్సు డ్రైవరు వచ్చి పెట్టెలు అటక మీద పెడితే, పావురాలు ఒప్పుకోలేదు గానీ, గదిలో ఇంకో మంచానికి చోటు దొరికింది. అప్పటి నుంచి నర్సమ్మ పగలు కింద, పిన్ని గది వెనక, తలుపేసుకుని పడుకోసాగింది. బాబాయి మేడ మీద తన ఇష్టం వచ్చినట్టు జనాన్ని తిప్పుకోసాగాడు. పెద్ద నర్సు ఆమె కళ్ళు చూసి, ఏం మందు వాడుతున్నావని అడిగింది. మందుల గోదాము మాట మళ్ళీ రాలేదు.

ఇలా నెల రోజులు కడుపులో చల్ల కదలకుండా గడిచాక ఒక మధ్యాహ్నం వెనక గది తలుపు చప్పుడైంది. బాబాయి తలుపు కొట్టాడు. ఆయన తలుపు కొట్టడం అదే మొదటిసారి కాబట్టి, ఏదో ప్రమాదమే జరిగిందనుకుని నర్సమ్మ లేచి కూర్చుంది. బాబాయి మొహం పాలిపోయి ఉంది.

‘కొంప మునిగిందమ్మా. పైన ఒకాయనున్నాడు. ఆయనకు ఇల్లు నచ్చింది.’

‘నచ్చడమేమిటి? వంటగది చూపించారా?’

‘చూపించాను. ఇద్దరే ఉంటాం, చాలంటాడు. మెట్లంటే వ్యాయామం అంటాడు. గాలి ఈలేస్తుందంటే కూడా ఈలేస్తానంటాడు. పడకగదిలో మగత కమ్ముతుందని చెప్పాను. నమ్మడంలేదు. నమ్మడానికి అక్కడ ఎవరున్నారు?’ అన్నాడు బాబాయి. తర్వాత నేల చూపులు చూస్తూ, ‘నువ్వు లేకపోతే ఆ గదికి లోపమే లేదమ్మా,’ అన్నాడు.

నర్సమ్మ మంచం దిగి, తలగడ చంకలో పెట్టుకుంది.

‘వెనక మెట్ల మీంచి వెళ్తాను. ఆయన్ని అయిదు నిమిషాలు వంటగదిలోనే ఉంచండి,’ అంది.